హుండీ లేని గుడి: ఢిల్లీ లోటస్ టెంపుల్

ఢిల్లీలో కాల్కాజీ మందిర్ మెట్రో స్టేషన్ నుంచి బయటికి వచ్చే జనం రోడ్డు మీదికి రాగానే రెండు పాయలుగా చీలిపోతారు. ఎర్ర చున్నీ, కొబ్బరికాయ, బంతిపూల దండ కొనుక్కున్నవాళ్లు కాల్కా అమ్మవారి గుడి వైపు తిరుగుతారు. ఏమీ కొనకుండా ఉత్త చేతులతో నడిచేవాళ్లు లోటస్ టెంపుల్‌కు వెళ్తున్నారని పోల్చుకోవచ్చు. అక్కడ పూలు అక్కర్లేదు, కొబ్బరికాయ అక్కర్లేదు, టికెట్టు లేదు, ప్రత్యేక దర్శనం లేదు, లోపల హుండీ కూడా లేదు. తిరుమల క్యూ కాంప్లెక్సులో గంటలు లెక్కపెట్టుకుంటూ పెరిగిన నాకు మొదటిసారి ఇది నమ్మశక్యంగా తోచలేదు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రసీదు పుస్తకం బయటికి తీస్తారని తిరిగి గేటు దాటేదాకా ఎదురుచూశాను గానీ, ఎవరూ తీయలేదు.

నాది నెల్లూరు. ఉద్యోగరీత్యా ఢిల్లీలో ఉంటున్నందువల్ల, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా ఎర్రకోట, కుతుబ్‌మినార్‌లతో పాటు దీన్ని చూపించే పని కూడా నాకే పడుతుంది. ఆ లెక్కన ఇప్పటికి ఏడెనిమిది సార్లయినా వెళ్లి ఉంటాను. తామరపువ్వు ఆకారంలోని ఆ తెల్లని కట్టడం ఎంత అందంగా ఉంటుందో చెప్పడానికి ఫొటోలు చాలు, నేను అక్కర్లేదు. "ఏ మతంవారైనా, ఏ మతమూ లేనివారైనా రావచ్చు" అన్న మాటను ఆ స్థలం ఏ మేరకు నిలబెట్టుకుంటోంది, గేటు దగ్గర ఏమడుగుతోంది, లోపల ఏం చేయనిస్తోంది, ఏం లేకుండా పంపిస్తోంది అన్నవే ఈ సమీక్షలో నాకు ముఖ్యం. సర్వమత సమ్మేళనం అని బోర్డు పెట్టుకున్న చోట్లు మన దేశంలో కొల్లలుగా ఉన్నాయి. ఆ బోర్డు కింద నడిచే పద్ధతిని బట్టే వాటిని తూచాలని నా అభిప్రాయం.

ముందుగా ఇది ఎవరిదో చెప్పుకోవాలి, ఎందుకంటే చూడటానికి వచ్చేవారిలో చాలామంది ఆ సంగతి తెలియకుండానే వెళ్లిపోతారు. కొందరు దీన్ని ప్రభుత్వం కట్టించిన ధ్యానమందిరం అనుకుంటారు, మరికొందరు బౌద్ధులది అనుకుంటారు. నిజానికి ఇది బహాయీల ప్రార్థనాలయం. పందొమ్మిదో శతాబ్దంలో ఇరాన్‌లో పుట్టిన ఈ మతానికి స్థాపకుడు బహావుల్లా. ఆయన 1817లో టెహరాన్‌లో పుట్టి, దేశబహిష్కృతుడై, ఖైదీగా ఊళ్లు మారుతూ 1892లో, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న అక్కా నగరం దగ్గర కన్నుమూశాడు. దేవుడు ఒక్కడేనని, మతాలన్నింటి మూలం ఒక్కటేనని, మనుషులంతా ఒకే కుటుంబమని ఆయన బోధ. బహాయీలు తమ ఆలయాన్ని అరబ్బీలో 'మష్రిఖుల్ అజ్కార్' అంటారు. దైవస్మరణ ఉదయించే చోటు అని దాని అర్థం. మొట్టమొదటిది ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లోని అష్గాబాద్‌లో వెలిసింది. సోవియట్ ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది, 1948 భూకంపంలో అది దెబ్బతింది, 1963లో పూర్తిగా కూల్చేశారు. ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో జనం అత్యధికంగా వచ్చేవాటి గురించి మాట్లాడితే మొదట చెప్పుకోవలసింది ఢిల్లీ ఆలయమే.

ఏ దేశంలో కట్టినా ఈ ఆలయాలకు కొన్ని నియమాలు ఉమ్మడిగా ఉంటాయి. కట్టడానికి తొమ్మిది పక్కలు ఉండాలి. లోపల విగ్రహం, పటం, బలిపీఠం ఉండకూడదు. వాద్యాలు మోగకూడదు, మనిషి గొంతు మాత్రమే వినిపించాలి. ప్రవచనం చెప్పకూడదు, క్రతువు జరపకూడదు. బహాయీ గ్రంథాలతో పాటు ఇతర మతాల పవిత్ర గ్రంథాల నుంచి, ఏ భాషలోనైనా, చదవవచ్చు లేదా పాడవచ్చు. చదివినదానికి వ్యాఖ్యానం మాత్రం చెప్పకూడదు. మన దగ్గర గంట శ్లోకానికి నాలుగు గంటల వ్యాఖ్యానం నడుస్తుంది కాబట్టి, ఈ చివరి నియమాన్ని పెట్టినవారికి జనం మనసు బాగా తెలుసునని నాకు అనిపిస్తుంది. మతాల మధ్య గొడవలు మూలగ్రంథాల దగ్గర కంటే వ్యాఖ్యానాల దగ్గరే ఎక్కువగా మొదలవుతాయి గదా.

స్థలం కథలో తెలుగువారు తరచుగా పొరబడే చిన్న మెలిక ఒకటుంది. కాల్కాజీ పక్కన బహాపూర్ గ్రామంలో ఈ భూమి కొనడానికి కావలసిన సొమ్ములో అధికభాగం ఇచ్చినవాడు హైదరాబాద్‌కు చెందిన అర్దెషీర్ రుస్తంపూర్. జీవితమంతా కూడబెట్టుకున్నది ఆయన దీనికే ధారపోశాడు. హైదరాబాద్ అనగానే మనవాళ్లు భుజాలు ఎగరేస్తారు గానీ, అది మన హైదరాబాద్ కాదు, సింధులోని హైదరాబాద్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఢిల్లీలో ప్రతిరోజూ అన్ని మతాలవారూ కూర్చునే చోటికి సింధు ఊరివాడి సొమ్ము పునాది కావడం, మనం గొప్ప చెప్పుకోలేకపోయినా, విలువైన సంగతే. ఇరాన్‌లో పుట్టిన వాస్తుశిల్పి ఫరీబోర్జ్ సహ్బాకు ఈ పని 1976లో అప్పగించారు. ఆయన దేశమంతా తిరిగి చూసి, ఇక్కడి మతాలన్నింటికీ చుట్టరికమున్న రూపంగా తామరపువ్వును ఎంచుకున్నాడు. 1986 డిసెంబరులో ఆలయ ప్రతిష్ఠ జరిగింది, 1987 జనవరి 1 నుంచి ప్రజలను రానిచ్చారు. కట్టినవారు లార్సెన్ అండ్ టూబ్రో.

ఇక అనుభవానికి వస్తాను. గేటు దగ్గర సంచుల తనిఖీ అయ్యాక ఇరవై ఆరు ఎకరాల తోట మధ్యగా తిన్నని దారి ఉంటుంది. ఆ దారి బాగా పొడవుగా ఉండటం నాకు నచ్చిన విషయాల్లో ఒకటి. మన పెద్ద గుళ్లలో రథవీధి నుంచి గర్భగుడి దాకా నడక ఏ పని చేస్తుందో, అంగళ్లు, అరుపులు, బేరాలు ఏమీ లేకుండానే ఈ దారి కూడా ఆ పనే చేస్తుంది. పువ్వు దగ్గరవుతున్నకొద్దీ మాటలు వాటంతటవే తగ్గుతాయి. చెప్పులు విడిచాక ఎర్ర ఇసుకరాతి మెట్లెక్కి తలుపుల ముందుకు వెళ్తే, అక్కడ వాలంటీర్లు వచ్చినవారిని చిన్నచిన్న గుంపులుగా ఆపి రెండు నిమిషాలు మాట్లాడతారు. లోపల మాట్లాడకూడదని, ఫోన్లు ఆపేయాలని, ఫొటోలు తీయకూడదని, ఎవరి పద్ధతిలో వారు మనసులో ప్రార్థించుకోవచ్చని, ఎంతసేపయినా కూర్చోవచ్చని చెబుతారు. పేరు అడగరు, ఊరు అడగరు, నమ్మకం అడగరు. ఈ మాటలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ సాగుతాయి కాబట్టి, ఆ రెండూ రాని పెద్దవాళ్లను తీసుకువెళ్లేటప్పుడు మెట్లెక్కకముందే సంగతంతా తెలుగులో చెప్పి ఉంచడం మంచిది; లోపలికి వెళ్లాక వివరించడానికి వీలుండదు.

నేను మా అమ్మకు చెప్పలేదు. అది నా తప్పే. ఆమె లోపలికి అడుగుపెట్టగానే, ఏ గుడికి వెళ్లినా చేసినట్టే, ముందు ధ్వజస్తంభం కోసం, తర్వాత గంట కోసం, ఆ తర్వాత ప్రదక్షిణకు దారి ఎటు నుంచి అని చూసింది. ఏదీ కనిపించకపోవడంతో నా మోచెయ్యి పట్టుకుని ఒక బల్ల మీద కూర్చుంది. కొంతసేపటికి అరచెయ్యి నిలువుగా పెట్టి అటూ ఇటూ తిప్పుతూ నన్నేదో అడిగింది. తూర్పు ఎటు అని ఆమె ప్రశ్న. నాకు తెలియలేదు. చుట్టూ తొమ్మిది తలుపులు, అన్నీ ఒకేలా ఉన్నాయి. వెలుగు ఏ పక్క నుంచీ రాకుండా, పైన రేకలు కలిసే చోటి నుంచి పలచని పాలలాగా కిందికి జారుతోంది. నీడలే లేనప్పుడు పొద్దు ఎటున్నదని చెప్పేదెట్లా? ఫోన్ తీసి చూద్దామంటే అది నిషిద్ధం. చివరికి ఆమె నా వైపు జాలిగా చూసి, కూర్చున్న దిక్కుకే చేతులు జోడించి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలిన తీరును బట్టి లలితా సహస్రం మొదలుపెట్టిందని నాకు తెలిసింది. పక్క బల్ల మీద ఒక సర్దార్జీ, ఆయనకు అవతల కెమెరాను ఒళ్లో బోర్లించి పెట్టుకున్న ఒక విదేశీ అమ్మాయి కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవరినీ చూడలేదు.

ఈ స్థలం ఇచ్చే సేవ ఇదే, ఇంతే. దాదాపు 1,300 మంది కూర్చోగల ఆ హాలులో ఎవరి దిక్కు వారు ఎంచుకోవచ్చు. అందరినీ ఇముడ్చుకోవడానికి వాళ్లు ఎంచుకున్న ఉపాయం తీసివేత. విగ్రహం తీసేశారు, శిలువ తీసేశారు, మసీదులో మక్కా దిక్కు చూపే మిహ్రాబ్ గూడు తీసేశారు, పురోహితుణ్ణి తీసేశారు, తీర్థప్రసాదాలు తీసేశారు, చివరికి తమ పాటకు పక్కవాద్యాన్ని కూడా తీసేశారు. మిగిలింది వెలుగు, చల్లదనం, ఎత్తు.

చల్లదనం మాట వచ్చింది కనుక దాని సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే మే నెలలో ఢిల్లీ చూసినవాడికి అది చిన్న విషయం కాదు. ఆలయం చుట్టూ ఉన్న తొమ్మిది కొలనులు పువ్వు కింది ఆకుల్లాగా కనిపించడానికే కాదు. ఆ నీళ్ల మీదుగా వచ్చిన గాలి చల్లబడి నేలమాళిగలోని కంతల గుండా హాలులోకి చేరుతుంది, లోపల వేడెక్కిన గాలి పైకి లేచి శిఖరం దగ్గర బయటికి పోతుంది. పొయ్యి మీద పొగగొట్టం పనిచేసే సూత్రమే ఇది. పైన మొగ్గలాగా కాస్త విచ్చుకుని ఉన్న చోట గాజు, ఉక్కు కప్పు వేసి వానను ఆపారు, వెలుగును రానిచ్చారు. మొత్తం ఇరవై ఏడు రేకలు, మూడు వరసలు, వరసకు తొమ్మిది: ఒక వరస ద్వారాల మీద బయటికి వంగి ఉంటుంది, ఒక వరస లోపలికి వాలి ఉంటుంది, మూడోది మొగ్గగా ముడుచుకుని ఉంటుంది. ఎక్కడా తిన్నని గీత లేని ఈ వంపుల లెక్కలు కట్టడానికే లండన్‌లోని ఇంజినీర్లకు ఏడాదిన్నర పట్టింది. రేకల తొడుగుకు గ్రీసు దేశపు పెంటెలీ కొండ పాలరాయి తెప్పించి, ఇటలీలో కోయించారు. అతుకులు కనిపించకుండా ఉండటం కోసం ఒక్కో రేకకు కాంక్రీటును ఆపకుండా రాత్రింబవళ్లు పోశారని, ఆ కాంక్రీటును గంపల్లో నెత్తిన పెట్టుకుని పైకి మోసినవారిలో కూలి ఆడవాళ్లు ఉన్నారని చదివినప్పటి నుంచి, మెట్ల దగ్గర తలెత్తి చూసినప్పుడల్లా నాకు ముందు వాళ్లే గుర్తుకొస్తారు.

రోజులో కొన్ని నిర్ణీత వేళల్లో సామూహిక ప్రార్థన ఉంటుంది. నేను వెళ్లిన రోజుల్లో ఉదయం పది, మధ్యాహ్నం పన్నెండు, మూడు, సాయంత్రం అయిదు గంటలకు జరిగింది. పది పదిహేను నిమిషాలకు మించదు. ఇద్దరు ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చి, తమను తాము పరిచయం చేసుకోకుండా, ఏ గ్రంథంలోది అని కూడా చెప్పకుండా, చదివో పాడో వెళ్లి కూర్చుంటారు. ఒకసారి ఒకాయన అరబ్బీలో దీర్ఘంగా తీసిన రాగం, ఆయన నోరు మూసుకున్నాక కూడా రెండు మూడు క్షణాలపాటు పైనెక్కడో తిరిగి కరిగిపోయింది. ఆ తర్వాత ఒక అమ్మాయి భగవద్గీత శ్లోకాలు హార్మోనియం తోడు లేకుండా పాడింది. ఘంటసాల గొంతులో తప్ప గీతను ఊహించుకోలేని మన చెవికి అది మొదట బోసిగా అనిపిస్తుంది. రెండో శ్లోకానికి ఆ బోసితనమే బాగుంటుంది. ఈ వేళల్లో కాకుండా మామూలుగా వెళ్లినవారు సగమే చూసినట్టు లెక్క. హాలులో నాలుగు నిమిషాలు నిలబడి చూసి, బయటికొచ్చి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోవడానికైతే, ఆ ఎండలో అంత దూరం నడవనక్కరలేదు.

హుండీ సంగతికి మళ్లీ వస్తాను. బహాయీలు తమ మతానికి సంబంధించిన పనులకు బహాయీల నుంచి మాత్రమే విరాళం తీసుకుంటారు. బయటివారు ఇస్తామన్నా పుచ్చుకోరు. ఆలయం ఆడంబరంగా కనిపించినా, ఆ ఖర్చులో సందర్శకుడి పైసా లేదు. దీని ఫలితం అక్కడి మనుషుల ప్రవర్తనలో స్పష్టంగా కనిపిస్తుంది: ఎవరికీ మీతో పని లేదు, కాబట్టి ఎవరూ మిమ్మల్ని అంచనా వేయరు. దీనికి పూర్తి విరుద్ధమైన అనుభవం ఒకటి నాకుంది. దక్షిణాదిలో ఒక ధ్యానకేంద్రానికి వెళ్లాను, పేరు అనవసరం. ముఖద్వారం మీద ఓంకారం, శిలువ, నెలవంక, ధర్మచక్రం అన్నీ వరుసగా చెక్కి ఉన్నాయి. లోపల కౌంటర్‌లో ఇచ్చిన దరఖాస్తులో మతం అని ఒక గడి, దాని కింద కులం అని ఇంకో గడి ఉన్నాయి. ఖాళీగా వదిలేస్తే, "నింపాలి సార్, కంప్యూటర్ తీసుకోదు" అన్నారు. ధ్యానం అయ్యాక ప్రతి ఒక్కరి చేతిలో ఒక కవరు పెట్టారు; అందులో దీవెన ఉంటుందనుకుని తెరిచి చూస్తే, ఎంత మొత్తానికి ఏ గౌరవం అన్న పట్టిక ఉంది. ఆ ముఖద్వారం చెక్కడానికి శిల్పి పడ్డ శ్రమ మీద నాకు గౌరవమే ఉంది.

అయితే లోటస్ టెంపుల్‌ను ఏ మతానికీ చెందని ఉమ్మడి హాలుగా అనుకుంటే అది పొరపాటు, ఆ విషయం దాచకుండా చెప్పడం సమీక్షకుడి బాధ్యత. మతాలన్నీ ఒక్కటే అన్నది కూడా ఒక మత సిద్ధాంతమే. బహాయీ నమ్మకం ప్రకారం కృష్ణుడు, బుద్ధుడు, జరతుష్ట్ర, మోషే, ఏసు, మహమ్మద్ వీరందరూ ఒకే దేవుడి సందేశాన్ని కాలానుగుణంగా తెచ్చినవారు, ఆ వరసలో మన కాలానికి వచ్చినవాడు బహావుల్లా. కృష్ణుడు సాక్షాత్తు పరమాత్మే అని నమ్మే వైష్ణవుడికీ, మహమ్మద్ తర్వాత మరో ప్రవక్త లేడని నమ్మే ముస్లిముకూ ఈ మాట రుచించదు. హాలులో తల పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తే, శిఖరం దగ్గర తొమ్మిది కోణాల నక్షత్రంలో బహాయీల దివ్యనామం అరబ్బీ లిపిలో కనిపిస్తుంది. ఇల్లు ఎవరిదో అది నిశ్శబ్దంగా చెబుతుంది. తోటలోని సమాచార కేంద్రంలో ఆ మతం గురించి వివరంగా తెలుసుకోవచ్చు, కానీ అడిగినవారికే చెబుతారు; అడగనివారి వెంటపడి చెప్పడం నేను ఎప్పుడూ చూడలేదు. అతిథిని భోజనానికి పిలిచి, విస్తరి ముందు కూర్చోబెట్టి ఇంటి గొప్పలు చెప్పని గృహస్థుల కోవలోకి వీళ్లను చేర్చవచ్చు.

నెల్లూరు నుంచి ఒక ముస్లిం మిత్రుడు గల్ఫ్ వీసా పని మీద ఢిల్లీ వచ్చినప్పుడు అతన్నీ తీసుకెళ్లాను. లోపల పావుగంట కదలకుండా కూర్చున్నాడు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ, "శాంతంగా ఉందన్నా, దువా చేసుకున్నా. నమాజుకు మాత్రం మసీదుకే పోవాల," అని, కొంచెం ఆగి, "అంతా బానే ఉంది గానీ, ఈడ రొట్టె అడిగేదానికి ఎవరూ లేరే," అన్నాడు. నేను నవ్వాను గానీ, లోటస్ టెంపుల్ మీద నేను విన్న విమర్శలన్నింటిలోకీ సరైనది అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

రొట్టెల పండుగ తెలియనివారి కోసం చెబుతాను. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది, పన్నెండు మంది అమరుల సమాధులవి. మొహర్రం నెలలో అక్కడ జరిగే పండుగకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కోరిక తీరినవారు రొట్టె చేసుకుని వస్తారు, అదే కోరిక ఉన్నవారు చెరువు నీళ్లలో నిలబడి వారి దగ్గర రొట్టె పుచ్చుకుని తింటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. ఉద్యోగ రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె, ఈ మధ్యకాలంలో విదేశీ రొట్టె. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, "ఆరోగ్యం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" అని ఒకామె కేక వేస్తే, "ఇట్రామ్మా, నా కాడుంది," అని బురఖాలో ఉన్న ఇంకొకామె చెయ్యెత్తుతుంది. బొట్టు పెట్టుకున్నామె ఇచ్చిన రొట్టెను టోపీ పెట్టుకున్నాయన కళ్లకద్దుకుంటాడు. మా అమ్మ ఉద్యోగ రొట్టె తినబట్టే నాకు ఢిల్లీలో ఉద్యోగం వచ్చిందని ఆమె నమ్మకం. ఆ మరుసటి ఏడాది రొట్టె ఇవ్వడానికి నన్ను సెలవు పెట్టించి మరీ రప్పించింది. అక్కడ ఎవరూ దర్గాను దర్గా కాకుండా చేయలేదు. సమాధుల మీద చాదర్లు ఉన్నాయి, ఫాతిహా ఉంది, గంధం ఉంది. ఏదీ తీసేయకుండానే అందరూ వచ్చారు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వేంకటేశ్వరుడి గుడికి రావడం కూడా అటువంటిదే: బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, కాబట్టి స్వామి తమ అల్లుడు అన్న వరస కలుపుకొని వస్తారు. సిద్ధాంతంతో పని లేకుండా చుట్టరికంతో పని జరిగిపోతుంది.

ఢిల్లీ ఆలయంలో వరసలు కలవవు. వెయ్యి మంది పక్కపక్కన కూర్చుంటారు, ఎవరికి వారే లేచి వెళ్తారు. మా అమ్మ మొదటిసారి బయటికి వచ్చి కొలను గట్టున నిలబడి అన్న మాట కూడా ఇంచుమించు అదే: "ఇచ్చిందీ లేదు, పుచ్చుకునిందీ లేదు, ఇదేం గుడి అబ్బయా!" ఆమె దృష్టిలో గుడికి వెళ్లడమంటే ఇచ్చిపుచ్చుకోవడమే. చిటికెడు కుంకుమ, చెంచాడు తీర్థం, ఒక అరటిపండు, ఏదో ఒకటి చేతిలో పడకపోతే ఆ దర్శనం జమకట్టదు. దీన్ని లోపమని నేను అనను. అయితే ఎటువంటి మనిషి ఎటువంటి చోట తృప్తి పడతాడో ముందే తెలిసి ఉండటం అవసరం. ఇంట్లో గొడవతోనో, ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూనో, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాని మధ్యాహ్నం పూట వెళ్లినవాడికి ఈ ఆలయం చాలా పెద్ద మేలు చేస్తుంది. పండగ వాతావరణం, తోటి మనిషి స్పర్శ కోరుకునేవాడికి చప్పగా ఉంటుంది.

మౌనమే కావాలనుకునేవారు పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో ఉన్న ధ్యానమందిరం, మాతృమందిరంతో దీన్ని పోల్చి చూస్తుంటారు. 1968లో మొదలైన ఆరోవిల్‌కు అది నడిబొడ్డు. 1971లో నిర్మాణం మొదలై 2008లో పూర్తయింది. లోపలి గదిలో డెబ్బై సెంటీమీటర్ల స్ఫటిక గోళం మీద పైనుంచి సూర్యకిరణం పడేటట్టు అమర్చారు. ఏకాగ్రతకు అది మరింత లోతైన చోటే గానీ, లోపలికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. దారినపోయేవాడు చెప్పులు విడిచి వెళ్లి కూర్చోగలిగిన వెసులుబాటు ఢిల్లీది. ఇక చికాగో వైపు ఉండే మనవాళ్లకు విల్మెట్‌లోనే, మిషిగన్ సరస్సు ఒడ్డున, 1953లో ప్రతిష్ఠించిన బహాయీ ఆలయం ఉంది. దాని స్తంభాల మీద మన స్వస్తిక, శిలువ, నెలవంక, దావీదు నక్షత్రం అన్నీ చెక్కారు. ఆ గుర్తులేవీ లేని ఢిల్లీ గోడలే నాకు ఎక్కువ నచ్చాయి, తామరపువ్వు ఒక్కటే అన్నీ చెప్పేస్తోంది కాబట్టి.

వెళ్లాలనుకునేవారు కొన్ని సంగతులు గమనించాలి. సోమవారం సెలవు. ఎండాకాలం, చలికాలం వేళలు వేరు వేరుగా ఉంటాయి కాబట్టి ముందే చూసుకోవాలి. ఆదివారాలు, పండగ సెలవుల్లో వరస చాలా పొడవుగా ఉంటుంది, చిన్నపిల్లలు ఎక్కువైనప్పుడు హాలులో మౌనం పలచబడుతుంది. మంగళవారం నుంచి శుక్రవారం లోపు, మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థనకు అరగంట ముందు గేటు దగ్గర ఉంటే సరిపోతుంది. చెప్పులు లేకుండా రాతి మీద కొంత దూరం నడవాలి, కాబట్టి వేసవిలో మేజోళ్లు తెచ్చుకోవడం తెలివైన పని. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు గేటు నుంచి నడక, పైన మెట్లు కలిపి శ్రమే అవుతుంది. ఆగి ఆగి నడిపించాలి. చలికాలంలో పొగమంచు ముసిరిన ఉదయం ఫొటోలకు పనికిరాదు, కూర్చోవడానికి మాత్రం అంతకంటే మంచి పూట లేదు. సంధ్యవేళ దీపాలు వెలిగాక కొలనుల్లో రేకల నీడ చూడటానికి అందరూ ఒకేసారి ఎగబడతారు. భోజనం కావాలంటే నెహ్రూప్లేస్ దగ్గరే.

మా అమ్మను రెండో ఏడు మళ్లీ తీసుకెళ్లాను, ఈసారి ఆమే అడిగింది. ప్రార్థన వేళకు వెళ్లి, ఏ దిక్కూ అడగకుండా నేరుగా వెళ్లి కూర్చుని, అందరికంటే ఆలస్యంగా లేచింది. బయటికి వచ్చాక ఆటో పిలవబోతుంటే వద్దని, రోడ్డు దాటి కాల్కాజీ వైపు నడిపించింది. అక్కడ బేరమాడి కొబ్బరికాయ కొని, తోపులాటలో నిలబడి, కొట్టించుకుని, చిప్ప చేత్తో పట్టుకుని బయటపడింది. స్టేషన్ మెట్లెక్కుతూ, ఒక్క మెట్రో టికెట్టుతో రెండు దర్శనాలయ్యాయని లెక్క చెప్పి, నాకో కొబ్బరి ముక్క విరిచి ఇచ్చింది.